ఫోన్ వంకర

"అన్నా, ఫోన్ వంకర పోతున్నది" అన్నాడు తమ్ముడు, ఈ సాయంత్రం దేవరకొండ ఖిల్లా పైనుంచి చుట్టూ ఉన్న గుట్టలను ఫొటోలు తీస్తుంటే.

ఒకప్పుడు ఫొటోల సాయంతో కెనడా రాకీ పర్వతాల పటాలు గీసిన సర్వేయర్లకు ఆ వంకర అసలు పనికొచ్చేది కాదు. 1885లో అక్కడ సర్వేయర్ జనరల్ అయిన ఎదువార్ దెవిల్ ప్రవేశపెట్టిన పద్ధతిలో, శిఖరాగ్రాన కెమెరాను రసమట్టంతో సరిచేసి నిలబెట్టి, గాజు పలకల మీద చుట్టూరా ఫొటోలు తీసేవారు. ఒకే కొండకొమ్ము రెండు శిఖరాల నుంచి తీసిన ఫొటోలలో పడితే, రెండు చోట్ల నుంచీ దాని వైపు గీసిన గీతలు కాగితం మీద కలిసిన చోటే దాని స్థానం. ఎత్తును క్షితిజ రేఖ నుంచి కొలిచి లెక్కగట్టేవారు. అంత బరువైన సామాను మోసుకుని ఎక్కడం మాత్రం నా ఊహకు అందదు.

ఆ పలకలు భద్రంగా ఉన్నందువల్లనే, కెనడాలోని విక్టోరియా విశ్వవిద్యాలయం పరిశోధకులు అవే శిఖరాలెక్కి, అవే కోణాలలో మళ్లీ ఫొటోలు తీసి, హిమానీనదాలు ఎంత కుంచించుకుపోయాయో పోల్చి చూస్తున్నారు.