తరావాలో గల్లంతైన మేనమామ: ఫైళ్లు, నమూనాల మధ్య మా అనుభవం

మా అత్తగారు పుట్టకముందే ఆమె మేనమామ రెండో ప్రపంచ యుద్ధంలో, పసిఫిక్ సముద్రంలోని తరావాలో అమెరికా, జపాన్ సేనల మధ్య జరిగిన పోరులో గల్లంతయ్యారు. ఇరవై ఏళ్లయినా నిండని ఆ అమెరికా మెరైన్ సైనికుడు, 1943 నవంబరు 20న గిల్బర్ట్ దీవులలో తరావాకు చెందిన బెటియో దీవి తీరంలో దిగిన మొదటి రోజు నుంచే కనిపించడం లేదని ఒహాయోలోని ఇంటికి తంతి వచ్చింది. ఏడాది దాటాక, మరణించినట్టుగానే భావిస్తున్నామని ఉత్తరం వచ్చింది. గుంటూరు నుంచి ఆ ఇంటికి కోడలిగా వెళ్లిన నాకు కాగితాలతో కుస్తీ పట్టే ఓపిక ఉందని తేలడంతో ఈ వ్యవహారం నా చేతికి వచ్చింది.

ముందుగా సెయింట్ లూయిస్‌లోని జాతీయ సిబ్బంది రికార్డుల కేంద్రానికి దరఖాస్తు చేశాము. సర్వీసు ముగిసి 62 ఏళ్లు దాటిన సైనికుల ఫైళ్లను, రుసుము కడితే, ఎవరడిగినా ఇస్తారు. 1973లో అక్కడ జరిగిన అగ్నిప్రమాదంలో ఆర్మీ, వైమానిక దళాల ఫైళ్లు కోటిన్నరకు పైగా కాలిపోయాయి గాని మెరైన్లవి మిగిలాయి. మరణానికి సంబంధించిన ఫైలు వేరుగా ఉంటుందని, దానిని విడిగా అడగాలని మాకు తరువాత తెలిసింది. అసలు సంగతులన్నీ అందులోనే ఉన్నాయి. దంతాల పటంలో లేని పళ్ల మీద, పూడ్చిన పళ్ల మీద సిరాతో పెట్టిన గుర్తులు ఇప్పటికీ స్పష్టంగా ఉన్నాయి. దాని వెనుకనే, తన కొడుకును ఎక్కడ పాతిపెట్టారో చెప్పమని ఆ తల్లి పెన్సిలుతో రాసిన ఉత్తరం, దానికి వచ్చిన పొడి సమాధానం ఉన్నాయి.

ఆ సమాధానం అంత పొడిగా ఎందుకు ఉందో బెటియో చరిత్ర చదివాక గాని అర్థం కాలేదు. పొడవు నాలుగు కిలోమీటర్లకు మించని ఆ దీవిలో 76 గంటల పోరులో సుమారు వెయ్యి మంది మెరైన్లు చనిపోయారు. పోటు చాలక పడవలు పగడపు దిబ్బ దాటలేకపోవడంతో, వందల మీటర్ల దూరం నీళ్లలో నడుస్తూ మెషిన్‌గన్లకు ఎదురెళ్లవలసి వచ్చింది. ఎండకు శవాలు పాడవుతుండడంతో ఎక్కడికక్కడ కందకాలు తవ్వి పూడ్చారు. తరువాత విమానాశ్రయాన్ని, శిబిరాలను కట్టినవారు సమాధుల మీది సిలువలను అందంగా వరుసలు తీర్చారే తప్ప వాటి కింద ఎవరున్నారో చూడలేదు. శత్రువు గుండ్లకన్నా ఆ ముస్తాబే కుటుంబాలకు ఎక్కువ అన్యాయం చేసిందని నాకనిపిస్తుంది. 1946లో ఆర్మీ సమాధుల విభాగం వచ్చి తవ్వినా, అక్కడ పాతిపెట్టినవారిలో దాదాపు సగం మంది అవశేషాలు దొరకలేదు. దొరికినవారిలో గుర్తు తెలియనివారిని హొనొలులులోని పంచ్‌బౌల్ శ్మశానవాటికలో ఖననం చేశారు. మా అత్తగారి మేనమామను 1949లో ‘అవశేషాలు లభ్యం కానివారు’ అనే జాబితాలో చేర్చారు.

గల్లంతైన సైనికుల జాడ తీయడానికి 2015లో ఏర్పడిన అమెరికా రక్షణ శాఖ సంస్థ, డీపీఏఏ, ఇప్పుడు ఆ కేసులను చూస్తోంది. అదే ఏడాది హిస్టరీ ఫ్లైట్ అనే స్వచ్ఛంద సంస్థ బెటియోలో మరుగునపడిన ఒక శ్మశానాన్ని వెలికితీసింది. ఆ తరువాత పంచ్‌బౌల్‌లోని తరావా సమాధులను కూడా తెరిచారు. అవశేషాలతో పోల్చడానికి బంధువుల డీఎన్ఏ కావాలి, అయితే ఏ బంధువు ఇచ్చినా సరిపోదు. వారు ప్రధానంగా చూసే మైటోకాండ్రియా డీఎన్ఏ తల్లి నుంచే సంక్రమిస్తుంది కనుక, ఆ మేనమామ అక్క కూతురైన మా అత్తగారి నమూనా పనికివస్తుంది, ఆమె కొడుకైన మా ఆయనది కూడా పనికివస్తుంది. మా పిల్లలది మాత్రం పనికిరాదు. వారిలో ఉన్నది మా గుంటూరు అమ్మమ్మ నుంచి నా ద్వారా వచ్చినది. ఏళ్ల తరబడి వివరాలు సేకరించిన, ఆ మేనమామ అన్న కొడుకు ఈ మాటకు నొచ్చుకున్నారు గాని, తండ్రి వైపు వచ్చే వై క్రోమోజోమ్ కోసం ఆయన నమూనాను కూడా తీసుకున్నారు. పని మాత్రం తేలికే: మెరైన్ దళంలో మరణించిన, గల్లంతైన సైనికుల వ్యవహారాలు చూసే క్యాజువల్టీ కార్యాలయం ద్వారా వచ్చిన పెట్టెలోని పుల్లతో బుగ్గ లోపల రుద్ది, సంతకాలు చేసి తిప్పి పంపాలి.

ఇంతవరకు గుర్తింపు కబురు రాలేదు, వాదన మాత్రం మొదలైంది. ఆర్లింగ్‌టన్ జాతీయ సైనిక శ్మశానవాటికలో ఖననం చేయాలని కొందరు, తల్లిదండ్రుల సమాధుల పక్కనే చేయాలని మా అత్తగారు పట్టుబడుతున్నారు. ఎవరు ఎంత శ్రమపడ్డారన్నది అక్కడ లెక్కకు రాదు, బంధుత్వపు వరుసను బట్టే నిర్ణయాధికారం వస్తుంది. అందుకే ఆ వరుసలో ఎవరెవరున్నారో ఇప్పుడే రాసి కార్యాలయానికి పంపాము. ఎవరి చిరునామా మారినా వారికి తెలియజేసే పని నాదే.