మొదటి ముద్రణకు మాత్రమే

తెలుగు నవలలు చదివి వినిపించే యూట్యూబ్ చానెళ్లలో వీడియో కింద ఒక ఇంగ్లీషు పేరా తరచూ కనిపిస్తుంది. 1976 కాపీరైట్ చట్టం 107వ సెక్షన్ ప్రకారం ఇది ‘ఫెయిర్ యూజ్’ అని దాని సారాంశం. అది అమెరికా వాళ్ల చట్టం. గుంటూరులో రాసి, బెజవాడలో అచ్చయి, ఇక్కడి గొంతుతో ఇక్కడే రికార్డయిన నవలకు మనం చూడవలసింది 1957 నాటి మన చట్టం. దానిలో 52వ సెక్షన్ ఉంది. సొంతంగా చదువుకోవడానికి, పరిశోధనకు, విమర్శకు, సమీక్షకు, వార్తలు రాయడానికి ఇతరుల రచనను న్యాయమైన మేరకు వాడుకోనిస్తుంది. నవలను అట్ట నుంచి అట్ట దాకా చదివి, మధ్యమధ్య ప్రకటనలు వేసుకోవడం అందులో లేదు.

నేను బెజవాడ గవర్నర్‌పేటలో డీటీపీ చేస్తాను, అంటే పుస్తకాలను కంప్యూటర్‌లో టైప్ చేసి పేజీలు కడతాను. పెళ్లికి ముందు నుంచీ ఇదే పని. పేజ్‌మేకర్, అను ఫాంట్లు, ఫస్ట్ ప్రూఫ్, సెకండ్ ప్రూఫ్, ఫైనల్, ఆ తర్వాత ప్రెస్సుకు ఫైలు. ఒకప్పుడు ఏలూరు రోడ్డు షాపుల్లో ఏ కొత్త పుస్తకం తిరగేసినా అది నేను కొట్టిందో కాదో చూసుకునేదాన్ని. ఇప్పుడు నా దగ్గరకు వచ్చే పనిలో ఎక్కువ భాగం పాత పుస్తకాలదే. అచ్చులో లేని నవల జిరాక్స్ కాపీయో, లెనిన్ సెంటర్‌లో దొరికిన పాత ప్రతో పట్టుకొచ్చి, యూనికోడ్‌లోకి మార్చి ఈబుక్ చేసిపెట్టమంటారు. స్కాన్ చేసి గూగుల్‌తో అక్షరాలు తీయిస్తే సగం పని అవుతుంది. కానీ సీసపు అచ్చులో అరిగిపోయిన వత్తులు, సున్నలు దానికి అందవు. చివరికి మనిషి కూర్చుని వాక్యం వాక్యం సరిచూడవలసిందే.

అలా పని తెచ్చిన ఒక పెద్దావిడ సంగతి చెబుతాను. గుంటూరు బ్రాడీపేటలో ఉంటారు. నేను పిన్నిగారూ అని పిలుస్తాను. వాళ్లాయన హైస్కూల్లో తెలుగు మాస్టారు. 1980ల్లో వారపత్రికలకు సీరియళ్లు రాశారు. వాటిలో కొన్ని బెజవాడలో నవలలుగా అచ్చయ్యాయి. అచ్చువేసిన సంస్థ ఇప్పుడు లేదు. ఆయన 2009లో పోయారు. ఈమధ్య మనవడు బెంగళూరు నుంచి ఫోన్ చేసి, ‘మామ్మా, తాతయ్య నవల యూట్యూబ్‌లో వస్తోంది’ అన్నాడట. పెట్టుకుని విన్నారు. నవల మొత్తం ఉంది, భాగాలు భాగాలుగా. చదివిన అమ్మాయి గొంతు చాలా బాగుందని పిన్నిగారే అన్నారు. రాసినాయన పేరు మాత్రం ఎక్కడా లేదు. వీడియో మీద లేదు, కింద వివరాల్లో లేదు, చదివేటప్పుడు కూడా చెప్పలేదు.

నా దగ్గరకు రాగానే ఆవిడ అడిగిన మొదటి మాట, ‘దీని మీద వాళ్లకు ఎంత వస్తుందమ్మాయ్?’ అని.

ఆ ప్రశ్న నాకు ఎంతో నచ్చింది. రచయితల ఇళ్లలో డబ్బు మాట ఎత్తాలంటే మొహమాటం. ఎత్తితే బయటివాళ్లకు అదోలా ఉంటుంది. నేను టైప్ చేసినందుకు పేజీకి ఇంతని ఇస్తారు. ప్రూఫులు చూసినాయనకు ఇస్తారు. కాగితం షాపులో ముందే కట్టాలి. బైండింగ్ వాళ్లకు ఇవ్వనిదే పుస్తకం బయటికి రాదు. రాసినవాడి దగ్గరకు వచ్చేసరికి ‘మీ పేరు పదిమందికీ తెలుస్తుంది కదండీ’ అంటారు. ఇంతమంది కూలి తీసుకునే పనిలో దానికి మూలమైన మనిషి ఒక్కడే ఊరికే రాయాలనడం నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు. ఇక్కడైతే ఆ తెలిసే పేరు కూడా మిగల్చలేదు.

కాగితాలేమైనా ఉన్నాయా అని అడిగాను. ‘ఇంకేం కాగితాలమ్మా, హక్కులన్నీ అప్పుడే అమ్మేశారు. ఆ డబ్బుతోనే ఇంట్లో ఫ్యాన్లు వేయించాం’ అన్నారు. ఆ కాలంలో రాసినవాళ్ల ఇళ్లలో ఎవరినడిగినా ఇదే చెబుతారు. అమ్మేశామనే అనుకుంటూ ఉండిపోతారు. కానీ మన చట్టం 19వ సెక్షన్ ప్రకారం కాపీరైట్ చేతులు మారాలంటే రాతపూర్వకంగా ఉండాలి, ఇచ్చేవాళ్లో వాళ్ల తరఫు మనిషో సంతకం చేయాలి. నోటిమాటగా అమ్మితే హక్కు కదలదు. అందుకని, ఉంటే ఏముందో చూద్దాం, లేకపోతే మరీ మంచిది అన్నాను. ఆవిడకు ఆ రెండో మాట అర్థం కాలేదు గానీ ఇంటికి వెళ్లి పెట్టె దింపించారు.

పెట్టెలో పాఠకుల ఉత్తరాలు, పత్రికల మనియార్డర్ కూపన్లు, మాస్టారి డైరీలు. వాటి మధ్య పబ్లిషర్ లెటర్‌హెడ్ మీద రెవెన్యూ స్టాంపు అంటించి సంతకం చేసిన రసీదు నకలు ఒకటి, 1983 నాటిది. ‘ఫలానా నవల మొదటి ముద్రణ వెయ్యి ప్రతులకు గాను ముట్టినది’ అని స్పష్టంగా ఉంది. అంతే. రెండో ముద్రణ సంగతి లేదు, అనువాదం లేదు, సినిమా లేదు, రేడియో లేదు. వెయ్యి కాపీలు అచ్చువేసుకోవడానికి ఇచ్చిన అనుమతి అది. మిగతాదంతా మాస్టారి దగ్గరే ఉండిపోయింది, ఆయన తర్వాత ఇంట్లోవాళ్లకు వచ్చింది. ఇంకో నవలకు ఏ కాగితమూ దొరకలేదు. దానికి హక్కులు అమ్మేశారేమోనన్న భయమే లేదు.

హక్కుల కాగితాలున్న ఇళ్లకు తెలిసి ఉండవలసిన సంగతులు రెండు చెబుతాను. 1995 మే 10 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం, హక్కులు ఇచ్చిన కాగితంలో ఎంత కాలానికో రాయకపోతే అది అయిదేళ్లకే అని లెక్క. ఏ దేశాల్లోనో రాయకపోతే భారతదేశం వరకే. అంతకు ముందు రాసుకున్న కాగితాలకు ఈ లెక్క వర్తించదు, వాటిలో ఉన్న మాటలనే చూసుకోవాలి. రెండోది 2012 జూన్ 21 నుంచి అమలైన సవరణ. కాగితం రాసుకున్న నాటికి లేని మాధ్యమానికి, లేదా అప్పటికి వ్యాపారంలోకి రాని పద్ధతికి, ఆ మాధ్యమం పేరు కాగితంలో ప్రత్యేకంగా చెబితే తప్ప హక్కు పోదు. రేపు ఏం వస్తుందో తెలియని రచయిత ఇవాళ్టి సంతకంతో దాన్ని కూడా పోగొట్టుకోకూడదని పెట్టిన మాట ఇది. ఇన్నేళ్ల చట్టంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన వాక్యం.

పేరు లేకపోవడం సంగతికి వస్తే, 57వ సెక్షన్ ఉంది. హక్కులన్నీ అమ్ముకున్నా సరే, ఈ రచన నాది అని చెప్పుకునే హక్కు రచయితకు ఉంటుంది. అయితే 2012కు ముందు రచయిత పోయాక ఆ ఒక్కటీ వారసులు అడగడానికి వీలుండేది కాదు. రచనను వికృతం చేస్తే అడ్డుపడవచ్చు, పేరు వేయమని మాత్రం అడగలేరు. 2012లో ఆ మినహాయింపును కొట్టేశారు. ఇప్పుడు పిన్నిగారు అడగవచ్చు. ఇది చెప్పినప్పుడు ఆవిడ, ‘అంటే ఆయన బదులు నేను అడగొచ్చన్నమాట’ అని రెండుసార్లు అన్నారు.

ఆడియోకు ఇంకో సంగతి కూడా ఉంది. నవలను గొంతుతో రికార్డు చేయడం కూడా 14వ సెక్షన్ ప్రకారం రచయిత హక్కే. అనుమతి లేకుండా చేసిన రికార్డుకు 13వ సెక్షన్ అసలు కాపీరైటే ఇవ్వదు. ‘మా వీడియో కాపీ చేస్తే చర్య తీసుకుంటాం’ అని ఆ చానెల్ వాళ్లు కింద రాసుకున్నారు. వాళ్ల దగ్గర ఉందనుకుంటున్న ఆ హక్కు వాళ్లకు పుట్టనేలేదు.

చూపులేని వాళ్ల కోసం చదువుతున్నామని కొన్ని చానెళ్లు అంటాయి. అది నిజంగా మంచి పని. చట్టం దానికి దారి కూడా ఇచ్చింది. 2012 సవరణలోనే వికలాంగులకు అందే రూపంలో పుస్తకాన్ని తయారుచేసుకోవడానికి, పంచుకోవడానికి అనుమతి అక్కర్లేకుండా చేశారు. చూపులేని వాళ్లకు పుస్తకాలు అందేలా చేసే అంతర్జాతీయ మరాకేష్ ఒప్పందాన్ని 2014లో అందరికన్నా ముందు ఆమోదించిన దేశం మనదే. కానీ ఆ సదుపాయం వాళ్ల కోసమే. సంస్థలు చేస్తే లాభాపేక్ష ఉండకూడదు, ఆ ప్రతులు మామూలు వ్యాపారంలోకి జారిపోకుండా చూసుకోవాలి. అందరికీ తెరిచిపెట్టి ప్రకటనలు తగిలించిన చానెల్ దాని చాటున నిలబడలేదు.

ఫిర్యాదు మేం యూట్యూబ్ ఫారంలోనే పెట్టాం. రచన ఎవరిది, ఏ లింకుల్లో ఉంది, ఫిర్యాదు చేసేవాళ్లకు హక్కు ఎలా వచ్చింది, చివర సంతకం బదులు పేరు. మన చట్టంలోనూ, 2013 నిబంధనల్లోనూ దీనికి పద్ధతి ఉంది. రాతపూర్వక ఫిర్యాదు అందితే యూట్యూబ్ లాంటి మధ్యవర్తి సంస్థ 36 గంటల్లో ఆ లింకు ఆపాలి. 21 రోజుల్లోగా కోర్టు ఉత్తర్వు తేకపోతే మళ్లీ తెరుచుకోవచ్చు. అంతదాకా పోనక్కర్లేకపోయింది, వీడియోలు దిగిపోయాయి. తీసేసిన వీడియో స్థానంలో ఫిర్యాదు చేసినవాళ్ల పేరు కనిపిస్తుందని ముందే చెప్పాను. ‘కనిపించనీ, ఆయన పేరు ఎటూ లేదుగా, నాదైనా ఉండనీ’ అన్నారు.

తర్వాత ఆ చానెల్ కుర్రాడు ఫోన్ చేశాడు. మర్యాదగానే మాట్లాడాడు. స్ట్రైకు పడిందనీ, మూడు పడితే చానెల్ పోతుందనీ, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదనీ చెప్పాడు. ‘మరుగున పడిన పుస్తకాన్ని మేం బయటికి తెచ్చాం మేడమ్’ అన్నాడు. పిన్నిగారు స్పీకర్‌లో విన్నారు. ‘బాబూ, పేరు పెట్టు, వచ్చిన దాంట్లో మాకు కొంత ఇవ్వు, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాను’ అన్నారు. పేరు పెడతానన్నాడు, డబ్బు కుదరదన్నాడు. ‘అయితే వద్దులే నాయనా’ అని పెట్టేశారు. నాకు ఆ కుర్రాడి మీద కోపం లేదు. అడిగి చదవాలని అతనికి చెప్పినవాళ్లు ఎవరూ ఉండి ఉండరు. అడిగితే అనుమతి ఇచ్చే ఇళ్లే మన ఊళ్లలో ఎక్కువ.

పాత పుస్తకాలు స్కాన్ చేసి పీడీఎఫ్‌లు పెట్టేవాళ్లను నేను ఈ లెక్కలో వేయను. చట్టం తేడా చూపించదని తెలుసు. కానీ పిన్నిగారి దగ్గరున్న రెండో నవల ప్రతిలో 97వ పేజీ నుంచి 112 దాకా ఒక ఫారం, అంటే ఒకేసారి అచ్చయ్యే పేజీల మడత, మొత్తం లేదు. అప్పుడు బైండింగ్‌లోనే పోయి ఉంటుంది. ఆ పదహారు పేజీలు మాకు దొరికింది ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి పైసా ఆశించకుండా, అట్ట మీద రచయిత పేరుతో సహా స్కాన్ చేసి నెట్‌లో పెట్టిన పీడీఎఫ్‌లోనే. ప్రచురణకర్తలు మర్చిపోయిన పుస్తకాలను ఇలాంటివాళ్లు బతికించారు. కొత్త పుస్తకం విడుదలైన వారానికే పీడీఎఫ్ గ్రూపుల్లో తిప్పేవాళ్లు వేరు. దానివల్ల రెండో ముద్రణ ఆగిపోయిన పుస్తకాలు నా చేతిమీదుగా వెళ్లినవే ఉన్నాయి. అందుకే ప్రెస్సుకు ఫైలు పంపాక నా దగ్గర ఓపెన్ పీడీఎఫ్ ఉంచను.

అచ్చులో లేని తెలుగు పుస్తకానికి రచయిత మరణించాక అరవయ్యేళ్లు అనేది చాలా ఎక్కువ. మొదట యాభయ్యే ఉండేది. 1941లో పోయిన రవీంద్రనాథ్ ఠాగూరు రచనల హక్కులు 1991తో ముగిసిపోతాయని, ఆ ఏడాది చివర్లో ఆర్డినెన్సు తెచ్చి, 1992లో చట్టం చేసి అరవై చేశారు. ఒక్క మహాకవి కోసం పెంచిన ఆ పదేళ్లు మన ఊరి తెలుగు మాస్టారికీ తగులుకున్నాయి. లెక్క మరణించిన మరుసటి ఏడాది జనవరి 1 నుంచి. 1962లో పోయిన గోపీచంద్ రచనలు 2023 జనవరి 1న అందరివీ అయ్యాయి. గుంటూరు జాషువా 1971లో పోయారు, ఆయనవి 2032లో. బెజవాడ విశ్వనాథవారివి 2037లో. పిన్నిగారి వాళ్లాయన నవలలు 2070లో. అప్పటికి ఆ పుస్తకాల కాగితం ఏమవుతుంది? తమిళనాడు ప్రభుత్వం రచయితల వారసులకు డబ్బిచ్చి హక్కులు కొని, ఆ రచనలను జనానికి ఇచ్చేస్తుంది. మన దగ్గరా చేయవచ్చు. ప్రభుత్వం చేయకపోయినా, మాకు డబ్బు అక్కర్లేదు, చదివితే చాలు అనుకునే కుటుంబాలు తమ హక్కు వదులుకుంటున్నామని బహిరంగంగా ప్రకటించవచ్చు. అది వాళ్ల ఇష్టంగా జరగాలి. ఎవరో తీసేసుకున్నాక సరే అనుకోవడం వేరు.

పిన్నిగారు వదులుకోలేదు. మొదటి నవలను ఒక ఆడియో యాప్‌కు ఇచ్చారు. వాళ్లు పంపిన ఒప్పందాన్ని నేను తెలుగులో చెబుతుంటే ఆవిడ పెన్ను పట్టుకుని కూర్చున్నారు. ‘ఇప్పుడున్న, ఇకముందు రాబోయే అన్ని మాధ్యమాల్లోనూ, శాశ్వతంగా’ అన్న వాక్యం దగ్గర ఆపి, కొట్టేయమన్నారు. తెలుగు ఆడియో మాత్రమే అని రాయించాం. ఈబుక్, అచ్చు, అనువాదం, సినిమా ఇంటివాళ్లవే. ప్రతి భాగం మొదట్లో పేరు చదవాలి. మూడు నెలలకోసారి లెక్క పంపాలి. వాళ్లు అయిదేళ్లు అడిగారు, ఈవిడ మూడేళ్లే ఇచ్చారు. మొదటి లెక్క మార్చి నెలాఖరుకు రావాలి. రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలో చివరి పేజీలో నంబరు ఉందో లేదో చూసుకుని గానీ ఆవిడ సంతకం పెట్టలేదు.