ఐదో నెలలో గోదావరి పాయలు దాటి

పెళ్ళయిన దగ్గర్నుంచీ ప్రతి వేసవికీ రెండు వైపులా వెళ్ళి రావడం మాకు అలవాటు. అమ్మావాళ్ళది పాలకొల్లు, అత్తయ్యగారిది విజయనగరం, అమ్మమ్మ ఉండేది కోనసీమలో మలికిపురం దగ్గర పల్లెటూళ్ళో. ఈ మే నెల వచ్చేసరికి నాకు ఐదో నెల, మొదటి కాన్పు. వెళ్ళాలా వద్దా అని ఇంట్లో రోజూ అదే చర్చ. అత్తయ్యగారు ఫోన్ చేసినప్పుడల్లా మా ఆయనతో ఒకటే మాట: "కడుపుతో ఉన్న పిల్లని ఏరు దాటించకూడదు నాన్నా." మేం అనుకున్న దారిలో ఏరంటే ఒక్కటి కాదు. వశిష్ఠ, వైనతేయ, గౌతమి, గోదావరి పాయలు మూడూ దాటాలి.

మా డాక్టరుగారు మాత్రం ప్రయాణం చేయాలంటే నాలుగో నెల నుంచి ఆరో నెల దాకానే మంచి సమయమన్నారు. వేవిళ్ళు తగ్గుతాయి, పొట్ట ఇంకా బరువెక్కదు. అయినా 18 నుంచి 22 వారాల మధ్య బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్ అయ్యాక, మాయ గర్భసంచి ముఖద్వారానికి అడ్డంగా లేదని చూసుకున్నాకే సరేనన్నారు. అడ్డంగా ఉంటే రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంటుందట, అలాంటప్పుడు దూరాలు వెళ్ళనివ్వరు. ఫైలు నాతోనే ఉండాలన్నారు. మధ్యాహ్నం ఎండలో రోడ్డు మీద ఉండొద్దన్నారు. రక్తం కనిపించినా, ఉమ్మనీరు పోతున్నట్టు అనిపించినా, కళ్ళు మసకబారి తలనొప్పి వచ్చినా అక్కడ దొరికిన ఆసుపత్రికే వెంటనే వెళ్ళాలి గానీ హైదరాబాద్ వచ్చి చూపించుకుందామని ఆగొద్దని గట్టిగా చెప్పారు.

నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్‌లో రాత్రి ప్రయాణం. ఇది చదివేవాళ్ళలో ఎవరైనా ఇదే స్థితిలో ఉంటే ఒక మాట చెప్పాలి. రైళ్ళలో లోయర్ బెర్తులు కొన్ని సీనియర్ సిటిజన్లకీ, 45 ఏళ్ళు దాటిన ఆడవాళ్ళకీ, గర్భిణులకీ విడిగా ఉంచుతారు. మనం ఆ కోటా అడగాలంటే డాక్టరు సర్టిఫికెట్ పట్టుకుని రిజర్వేషన్ కౌంటర్‌కి వెళ్ళాలి. బుకింగ్ ఇప్పుడు 60 రోజుల ముందే మొదలవుతుంది, వేసవిలో టికెట్లు ఎంత త్వరగా అయిపోతాయో తెలిసిందే. మా ఆయన ఆఫీసుకి పర్మిషన్ పెట్టి మరీ వెళ్ళి తీసుకొచ్చారు. రాత్రి ఎన్నిసార్లు బాత్రూమ్‌కి లేవాల్సి వచ్చిందో చూస్తే, ఆ కింది బెర్తు లేకపోతే ఈ ప్రయాణం చేయనే కూడదని నాకు అనిపించింది.

తెల్లవారేసరికి కైకలూరు దాటాం. అక్కడి నుంచి ఆకివీడు దాకా కిటికీకి రెండు వైపులా చేపల చెరువులే. గట్ల మీద కొబ్బరి మొక్కలు, నీళ్ళలో గుండ్రంగా తిరిగే యంత్రాలు, తడిసిన మట్టి వాసన. గర్భం వచ్చినప్పటి నుంచీ వాసనలు పడని నాకు ఆ వాసన మాత్రం ఎంతో హాయిగా తోచింది. పాలకొల్లు స్టేషన్‌లో నాన్న నా చేతిలోంచి హ్యాండ్‌బ్యాగ్ కూడా లాగేసుకున్నారు.

పాలకొల్లులో ఉన్నన్ని రోజులూ తినడం, పడుకోవడం, వచ్చేపోయేవాళ్ళతో మాట్లాడటం. నాకు కష్టంగా అనిపించింది ఒక్కటే, మాత్రల టైమింగ్. ఐరన్, కాల్షియం కలిపి వేసుకోకూడదు, కాల్షియం ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు. టీ కూడా అంతే. ఎవరింటికి వెళ్ళినా ముందు టీ పెడతారు. వద్దంటే బాధపడతారు. అందుకని ఐరన్ మాత్ర రాత్రి పడుకునే ముందుకి మార్చుకున్నాను, పగలంతా నిమ్మరసం, మజ్జిగ అడిగి తాగాను. మామిడిపళ్ళ విషయంలో మాత్రం అమ్మే కాపలా కాసింది. 24 నుంచి 28 వారాల మధ్య 75 గ్రాముల గ్లూకోజు తాగించి షుగర్ చూస్తారు కదా, ఆ పరీక్ష దగ్గర్లోనే ఉందని గుర్తు చేస్తూ భోజనంలో రెండు చెక్కలకి మించి వేయలేదు.

అమ్మమ్మని చూడటానికి పొద్దున్నే కారులో బయల్దేరాం. అమ్మ కూడా వచ్చింది. సీటు బెల్టు కింది పట్టీ పొట్ట మీదుగా కాకుండా పొట్ట కిందుగా తుంటి ఎముకల మీద, పై పట్టీ రొమ్ముల మధ్యలోంచి పక్కకి వచ్చేలా పెట్టుకోవాలి. నొక్కుకుంటుందేమోనని చాలామంది అసలు పెట్టుకోరు, అది చాలా ప్రమాదం. చించినాడ వంతెన ఎక్కాక అమ్మ కళ్ళు మూసుకుని ఏదో అనుకుంది. కింద వశిష్ఠ నిండుగా, కదలిక లేనట్టు ఉంది. అవతల దిండి.

అమ్మమ్మకి ఎనభై దాటాయి. వీధి అరుగు మీద నన్ను తన పక్కనే కూర్చోబెట్టుకుని, పాదాలు చేతుల్లోకి తీసుకుని బొటనవేలితో చీలమండ దగ్గర నొక్కి చూసింది. నొక్కిన చోట గుంట పడుతోందా అని. పడలేదు. అప్పుడు అమ్మ వైపు తిరిగి, "దీనికి నీ సంగతి చెప్పేవా?" అంది.

అమ్మ మాట్లాడలేదు.

అమ్మమ్మే మొదలుపెట్టింది, ముందు తన సంగతితో. మొదటి కాన్పు ఇంట్లోనే జరిగిందట, మంత్రసాని చేతుల్లో. రెండు రోజులు నొప్పులు పడితే బిడ్డ దక్కలేదు. మళ్ళీ నిలిచినప్పుడు తాతయ్య ఎవరి మాటా వినకుండా, ఈసారి నర్సాపురం ఆసుపత్రిలోనే కాన్పు కావాలని పట్టుబట్టారు. ఇంట్లో పెద్దవాళ్ళు ఏరు దాటకూడదన్నారు. నొప్పులు అర్ధరాత్రి వచ్చాయి. ఎడ్లబండి మీద సఖినేటిపల్లి రేవు దాకా తీసుకెళ్తే ఆ వేళప్పుడు జనాన్ని ఏరు దాటించే పంటు లేదు. రేవులో పడుకున్న పడవ వాళ్ళని లేపి, నాటు పడవలో గడ్డి పరిచి, లాంతరు పెట్టుకుని దాటించారట. "ఏరు దాటకూడదని నాకూ చెప్పేరే. దాటబట్టే మీ అమ్మ పుట్టింది, నువ్వూ పుట్టేవు" అంది. ఎన్ని వేసవులు ఆ ఇంట్లో గడిపానో, ఎన్నిసార్లు ఆ రేవులో పంటు ఎక్కానో. ఈ మాట ఎప్పుడూ వినలేదు. పెద్దమ్మో, మామయ్యో కావాల్సిన ఒక బిడ్డ ఉండేదని కూడా నాకు తెలియదు.

తర్వాత అమ్మ చెప్పింది. ఎనిమిదో నెలలో కాళ్ళూ ముఖమూ వాచాయి, కళ్ళ ముందు మసకలు. భీమవరం తీసుకెళ్తే బీపీ బాగా పెరిగిపోయిందని, ఆగితే గుర్రపువాతం, అంటే ఫిట్స్, వస్తుందని పెద్దాపరేషన్ చేసి నన్ను తీశారు. కేజీన్నర కూడా లేనట. నెలలు నిండకుండా పుట్టానని తెలుసు గానీ ఎందుకో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. మొదటి చెకప్‌లోనే డాక్టరుగారు "మీ అమ్మగారికి కాన్పులో బీపీ గానీ షుగర్ గానీ వచ్చాయా?" అని అడిగారు. ఫోన్‌లో అమ్మని అడిగితే "అలాంటివేం లేవులే, నువ్వు టెన్షన్ పెట్టుకోకు" అని తేల్చేసింది. ఇప్పుడు అదే గుర్తు చేశాను. "భయపడతావని" అంది. అమ్మమ్మ ఊరుకోలేదు. "భయం దానికి కాదు, నీకు" అని కోప్పడింది. అమ్మ అప్పుడు ఏడ్చింది. నన్ను అద్దాల పెట్టెలో పెట్టి చేతికి ఇవ్వకపోతే బయట బెంచీ మీద కూర్చుని కిటికీలోంచి చూసిన రోజుల గురించి చెబుతూ చాలాసేపు ఏడ్చింది. నేను ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుని ఎడమ పక్కకి తిరిగి పడుకుని విన్నాను. మధ్యాహ్నం భోజనాలు ఆ రోజు బాగా ఆలస్యమయ్యాయి.

ఇంట్లో ఎవరో కడుపుతో ఉంటేనే ఆడవాళ్ళు తమ కాన్పుల గురించి నోరు విప్పుతారు. పెళ్ళికాని పిల్లల ముందు చెప్పరు, మగవాళ్ళ ముందు అసలే చెప్పరు. ఫోన్‌లో అడిగితే దాటవేస్తారు. ఎదురుగా కూర్చోవాలి, తొందర లేకుండా ఉండాలి. నేను ఈ ప్రయాణం పెట్టుకోకపోతే ఆ రెండు కథలూ నా దాకా వచ్చేవి కావని నాకు గట్టి నమ్మకం.

అమ్మ అక్కడే ఉండిపోయింది. మేమిద్దరం మర్నాడు తెల్లవారుజామునే రాజమండ్రి దారి పట్టాం. పి.గన్నవరం దగ్గర వైనతేయ మీదుగా కాలవని దాటించే అక్విడక్ట్‌కి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆ లంకల దారిన వచ్చిపోయే బాటసారులకి వేళాపాళా లేకుండా అన్నం పెట్టిన ఇల్లాలు ఆవిడ. అక్కడ కారు ఆపించి కాసేపు నిలబడి చూశాను. గంటకోసారి దిగి నడవాలన్నది నాకున్న నియమం కూడా. గర్భంతో ఉన్నప్పుడు కదలకుండా కూర్చుంటే కాళ్ళలో రక్తం గడ్డకట్టే అవకాశం మామూలు కంటే ఎక్కువ. అందుకే కారులో ఉన్నంతసేపూ పాదాలు తిప్పుతూనే ఉండేదాన్ని.

రావులపాలెం అరటి మార్కెట్ దగ్గర మళ్ళీ ఆగాం. సైకిళ్ళ మీద రెండు వైపులా గెలలు వేలాడదీసుకుని రైతులు వస్తున్నారు. వేలం పాటలు, ఆటోల హారన్లు. ఆ గోలలో నిలబడి నీళ్ళు తాగుతుంటే బొడ్డు కింద చిన్నగా కొట్టుకున్నట్టయింది. గ్యాస్ అనుకున్నాను. మళ్ళీ అదే చోట, అదే తీరు. మొదటి కాన్పులో కదలిక తెలియడానికి 20 వారాలు పట్టొచ్చని, మాయ ముందు వైపు ఉంటే ఇంకా ఆలస్యమని డాక్టరు చెప్పారు కాబట్టి ఎదురుచూడటం మానేసి ఉన్నాను. మా ఆయన చెయ్యి తీసుకుని పెట్టాను. ఆయనకేమీ తెలియలేదు, బయటికి తెలియడానికి ఇంకా టైమ్ పడుతుంది. అయినా ఆ చెయ్యి తియ్యలేదు. జొన్నాడ వైపు గౌతమి దాటుతున్నంతసేపూ అక్కడే ఉంచారు.

రాజమండ్రి నుంచి రైలు. అన్నవరం, తుని, అనకాపల్లి. విశాఖలో ఇంజను అటు నుంచి ఇటు మారుస్తారు, బండి చాలాసేపు ఆగుతుంది. ఆ సమయంలో ప్లాట్‌ఫామ్ మీద ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచాను. విజయనగరం చేరేసరికి సాయంత్రం. అత్తయ్యగారు పైడితల్లి అమ్మవారి కుంకుమ బొట్టు పెట్టి, "ఏటమ్మా, కాళ్ళు పీకుతున్నాయా?" అని వేడినీళ్ళు తెచ్చారు.

ఏరు దాటొచ్చినందుకు ఒక్క మాటా అనలేదు. నాకే ఉండబట్టలేదు. రాత్రి డాబా మీద మంచాలు వేసుకున్నప్పుడు, అమ్మమ్మ పడవలో దాటిన కథ చెప్పాను. ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత తన కథ చెప్పారు. మా ఆయన కంటే ముందు ఒక గర్భం. ఐదో నెలలో పుట్టింటికి వెళ్ళి, నాగావళి దాటి బస్సులో తిరిగొచ్చిన వారంలోనే పోయింది. బస్సెక్కడం వల్లే పోయిందని ఇంటిల్లిపాదీ అన్నారు. ఆ తర్వాత చాలా ఏళ్ళు పుట్టింటికే పంపలేదట. నలభై ఏళ్ళుగా ఆవిడ అది తన తప్పేనని నమ్ముతున్నారు. ఆరోగ్యంగా ఉన్న గర్భం మామూలు బస్సు ప్రయాణానికి పోదని, అలా పోవడానికి లోపల వేరే కారణాలు ఉంటాయని మా డాక్టరు చెప్పిన మాట ఆవిడకి చెప్పాను. "అలాగా" అన్నారు. కాసేపాగి మళ్ళీ అడిగారు, "బస్సు వల్ల కాదంటావా?" కాదన్నాను. ఆ మాట ఎవరైనా ఆవిడకి ఎప్పుడో చెప్పాల్సింది.

హైదరాబాద్ వచ్చాక మొదటి పని, అమ్మ బీపీ సంగతి డాక్టరుగారికి చెప్పడం. తల్లికి వస్తే కూతురికీ వచ్చే అవకాశం ఎక్కువట, ఫైల్లో రాసుకున్నారు. ఇప్పటికి నా బీపీ మామూలుగానే ఉంది. ఇంట్లో మెషీన్ కొనుక్కుని రోజూ చూసి రాసుకోమన్నారు, చెకప్‌లు కొంచెం దగ్గర దగ్గరగా పెట్టారు. కాన్పు నెలలు నిండని పిల్లల్ని కూడా చూసుకునే సౌకర్యం ఉన్న ఆసుపత్రిలోనే పెట్టుకుందామన్నారు. అంటే పురుడు పాలకొల్లులో కాదు, ఇక్కడే. మొదటి పురుడు పుట్టింట్లో జరగాలని నాన్న కాస్త నొచ్చుకున్నారు గానీ, అమ్మ వెంటనే ఒప్పుకుంది. ఏడో నెల చివర్లోనే వచ్చేస్తానంటోంది, బిడ్డకి మూడో నెల వచ్చేదాకా ఉంటుందట. అత్తయ్యగారు ఆ తర్వాత వస్తారు. నాన్నకి అన్నాళ్ళు వంట ఎవరు చేస్తారన్నది ఇంకా తేలలేదు. పిన్ని క్యారేజీ పంపుతానంటోంది, ఆయనేమో తనే వండుకుంటానంటున్నారు.