భీమిలి నుంచి వైజాగ్‌కి బస్సు

వైజాగ్ నుంచి భీమిలి వెళ్లే బస్సులో కుడివైపు కిటికీ దొరికితే దారంతా సముద్రమే. నాకు దొరకలేదు. తొట్లకొండ మలుపు, ఎర్రమట్టి దిబ్బలు చూసుకుంటూ పాతిక కిలోమీటర్లు వెళ్లాను.

దిగగానే టీ తాగుతూ, ‘ఇప్పుడిది కూడా వైజాగే కదమ్మా’ అన్నాను. కొట్టావిడ గ్లాసు కడుగుతూనే, ‘కాగితాల మీద బాబూ. మేం వైజాగెళ్లాలంటే బస్సెక్కాలా వద్దా?’ అంది.

ఆవిడ మాటలో న్యాయముంది. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరిది. దేశంలో అంత పాతవి కొన్నే ఉన్నాయి. అలాంటిది విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీలో కలిసిపోయింది.

డచ్చివాళ్ల సమాధుల దగ్గర చాలాసేపు ఉండిపోయాను. 17వ శతాబ్దంలో బట్టల బేరానికొచ్చి ఇక్కడే మట్టిలో కలిసిన వాళ్లు. ఉప్పుగాలికి రాయి పెళుసెక్కి, చెక్కిన అక్షరాలు వేలితో తడిమితేగానీ తెలియడం లేదు. 1825లో ఊరు ఇంగ్లీషువాళ్ల చేతికొచ్చింది. భీమిలి అసలు పేరు భీమునిపట్నం వాళ్లకి నోరు తిరగక బిమ్లీపటం అయింది.

ఆ వంకర పేరే సముద్రాలు దాటింది, గోగునార పుణ్యమా అని. గోగు ఆకు కోస్తే గోంగూర, కాండం నానబెట్టి ఒలిస్తే నార. మనం పచ్చడి నూరుకునే మొక్క నారకి విదేశీ వర్తకులు పెట్టిన పేరు ‘బిమ్లీపటం జూట్’. ఓడలు దూరంగా లంగరేస్తే సరుకు పడవల మీద మోసేవాళ్లు. 1933లో విశాఖలో హార్బరు తెరిచాక ఓడలు అటే మళ్లాయి. నన్నడిగితే భీమిలి వైజాగ్‌లో కలిసింది అప్పుడే, జీవో తర్వాతెప్పుడో వచ్చింది. పక్కనున్న చిట్టివలస జూట్ మిల్లూ మూతపడింది. నార పోయింది, పేరు మాత్రం ఇంగ్లీషు నిఘంటువుల్లో మిగిలింది.

పావురాలకొండ ఎక్కే ఓపిక లేకపోయింది. మోకాళ్ల సంగతి నాకు తెలుసు. లైట్‌హౌస్ చూసి, గోస్తనీ సముద్రంలో కలిసేచోట కాసేపు కూర్చున్నాను. ఒకాయన వల చిక్కులు తీస్తూ, కాలి బొటనవేలితో తాడు బిగించి పట్టుకున్నాడు. నేనొచ్చినప్పుడు ఎంత వల ఉందో, లేచేటప్పుడూ అంతే ఉన్నట్టనిపించింది.

సాయంత్రం బస్సు దగ్గర కండక్టర్ ‘వైజాగ్, వైజాగ్’ అని కేకలేస్తున్నాడు. టీ కొట్టావిడ నా వైపు చూసి నవ్వింది.