ఐదు వేలలో యుకులేలే: కోనసీమ తేమకు నిలిచేది ఏది?

ఐదు వేల రూపాయలకు మించకుండా గిటారును పోలిన చిన్న తీగవాద్యం యుకులేలే ఒకటి కొనాలని నిశ్చయించుకున్నాక నేను మొట్టమొదట పట్టించుకోవడం మానేసింది చెక్క పేరును. అమ్మేవారు మహాగని అనీ, సపేలి అనీ, కోవా అనీ ఊరిస్తారు గాని, ఈ ధరలో దొరికే వాద్యాలలో చాలావాటికి ఆ చెక్క పైన అతికించిన పలుచని పొర మాత్రమే. లోపల ఉన్నది ప్లైవుడ్డే. ఈ మాట విన్న మిత్రులు కొందరు పెదవి విరిచి, మరికొంత కూడబెట్టి నిండు చెక్కతో చేసినదే కొనమని సలహా ఇచ్చారు. వానాకాలం వస్తే గోడల సున్నం చెమ్మకు ఉబ్బి పెచ్చులుగా రాలే కోనసీమ ఇళ్లలో ఉండేవారికి మాత్రం ప్లైవుడ్ వాద్యమే మేలని నా అభిప్రాయం.

దానికి కారణం ఉంది. నిండు చెక్క గాలిలోని తేమను పీల్చి ఉబ్బుతుంది, పొడిగాలి తగిలితే కుంచించుకుపోతుంది. పైపలక ఉబ్బినప్పుడు దానిమీద తీగలను మోసే గుర్రం (బ్రిడ్జ్) కూడా లేచి, తీగలు మెడమీది మెట్లకు (ఫ్రెట్లకు) దూరమై, వేళ్లతో నొక్కడం కష్టమవుతుంది. మరీ ఎండిపోతే పలక బీటలు వారుతుంది. అందుకే అటువంటి వాద్యాన్ని 45 నుంచి 55 శాతం తేమలో ఉంచమని తయారీదారులు చెబుతారు. ఒకవైపు సముద్రం, మిగిలిన వైపుల గోదావరి పాయలు, మధ్యలో కాలువలు, వరిచేలు ఉన్న చోట ఆ నియమాన్ని పాటించాలంటే వాద్యం కంటె దాని సంరక్షణకే ఎక్కువ ఖర్చవుతుంది. ప్లైవుడ్‌లో ఒక పొర నార మరొక పొరకు అడ్డంగా ఉండేట్లు అతికిస్తారు కనుక అది అంతగా కదలదు. నాదంలో నిండుదనం కొంత తగ్గే మాట నిజమే అయినా, నేర్చుకునేవారికి అది పెద్ద లోపం కాదు. ఎండలో నిలిపిన కారులో మాత్రం దేన్నీ వదిలిపెట్టకూడదు. వేడికి జిగురు వదిలిపోతుంది.

పరిమాణం సంగతి చెక్క కంటె ముఖ్యం. సొప్రానో సుమారు 21 అంగుళాలు, కాన్సర్ట్ 23, టెనర్ 26 అంగుళాల పొడవు ఉంటాయి. ఈ మూడింటికీ శ్రుతి ఒకటే. బారిటోన్ పేరుతో దొరికే పెద్దది గిటారులోని సన్నని నాలుగు తీగల శ్రుతిలో ఉంటుంది కనుక, మామూలు యుకులేలే పాఠాలు దానికి నేరుగా పనికిరావు. చవకగా ఉందని సొప్రానో కొనే పెద్దలకు మెట్ల మధ్య వేళ్లు ఇరుక్కుంటాయి. నేను కాన్సర్ట్ ఎంచుకున్నాను. కొనబోయే పెద్దవాళ్లకు అదే చెబుతాను.

పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారి పుణ్యమా అని మా వైపు చిన్న తీగవాద్యం ఏది చేతిలో కనిపించినా మాండలిన్ అంటారు. రెండింటికీ పోలిక తక్కువ. మాండలిన్‌కు ఉక్కు తీగలు, అవీ జంటలుగా ఉంటాయి. యుకులేలేకు నాలుగే నైలాన్ తీగలు. 1879లో మదీరా దీవి నుంచి ఓడలో హవాయి చేరిన పోర్చుగీసు వలస కూలీలతో వచ్చిన చిన్న వాద్యమే దీనికి మూలం. నైలాన్ తీగ నాదం త్వరగా ఆరిపోతుంది కనుక దీనిమీద గమకాలు పలికించాలని ఆశపడేవారు నిరాశపడతారు. పాటకు పక్కన కార్డులు (కలిపి మోగించే స్వరాల గుంపులు) వాయించుకోవడానికి మాత్రం ఇంత సులువైన వాద్యం మరొకటి నాకు తెలియదు: నేలవైపు చివర ఉండే ‘ఏ’ (A) తీగను మూడో మెట్టు దగ్గర ఒక్క వేలితో నొక్కితే సీ కార్డు పలుకుతుంది.

మా ప్రాంతపు సంగీత దుకాణాలలో చర్చిలకు అమ్ముడయ్యే కీబోర్డులు, గిటార్లు, రిథమ్ ప్యాడ్లదే పెద్ద వాటా. యుకులేలేలు ఏ మూలనో గోడకు వేలాడుతుంటాయి. నేను రాజమహేంద్రవరంలో ఒక దుకాణానికి వెళ్లి అడిగితే, "ఆయ్, అది చిన్నపిల్లలు ఆడుకునేదండీ, మీకు మంచి గిటార్ చూపిస్తానుండండి" అన్నారు. అయినా అడిగిన మీదట ఒకే రకానివి మూడు దించి ముందు పెట్టారు. ఒకే పెట్టెలో వచ్చిన ఆ మూడూ మూడు తీరులుగా ఉన్నాయి. మొదటిదాని మెడ అంచున బొటనవేలు నిమిరితే మెట్ల కొనలు రంపపు పళ్లలా గీరాయి. రెండవది చేతికి నున్నగానే ఉంది గాని, ‘ఏ’ (A) తీగను ఊరికే మీటి ఫోనులోని ట్యూనర్‌తో సరిచేసి, తరువాత మొదటి మెట్టు దగ్గర నొక్కి మీటితే ముల్లు బాగా కుడివైపుకు జరిగింది. మెడ చివర తీగలు కూర్చునే నట్‌లోని గాడి లోతు చాలనప్పుడు తీగ ఎత్తున నిలిచి, నొక్కినప్పుడు అదనంగా సాగి, స్వరం పైకి పోతుంది. మూడవదానిలో ఆ దోషం లేదు. పన్నెండవ మెట్టు దగ్గర నొక్కితే సరిగ్గా పై స్థాయి స్వరమే పలికింది, అక్కడ తీగకూ మెట్టుకూ మధ్య ఎడం స్కేలుతో చూస్తే మూడు మిల్లీమీటర్ల లోపే ఉంది, ప్రతి మెట్టు దగ్గరా మీటి చూసినా ఎక్కడా జీరగా మోగలేదు. దాన్నే తీసుకున్నాను.

ఈ పరీక్షలన్నిటిలో పన్నెండవ మెట్టు పరీక్షను వదులుకోకూడదు. వీణ మెట్లను మైనంలో కూరుస్తారు కనుక శ్రుతి తప్పినప్పుడు సరిచేయించుకునే వీలుంది. యుకులేలే మెట్లు చెక్కలోకి దిగగొట్టినవి, తప్పుగా దిగిన మెట్టు తప్పుగానే ఉండిపోతుంది. గాడి లోతు చాలకపోతే తెలిసినవారు సన్నని ఆకురాయితో సరిచేయగలరు. ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవారు వాపసు గడువు చూసుకుని, పార్సిల్ విప్పిన రోజే ఇవన్నీ పరీక్షించడం మంచిది.

ఉచితంగా ఇస్తామనే క్యాపో (శ్రుతి పెంచడానికి మెడకు బిగించే క్లిప్పు), పిక్కులు, బెల్టులకు నేను విలువ కట్టలేదు. బస్సులో తీసుకువెళ్లడానికి దళసరి సంచి ఒక్కటే అక్కరకు వచ్చింది. మిగిలిన డబ్బుతో మంచి తీగల జత ఒకటి కొన్నాను, ఎందుకంటే చవక వాద్యాన్ని మెరుగుపరచడానికి అంతకన్న తక్కువ ఖర్చుతో అయ్యే పని లేదు. కొత్త తీగలు కొన్నాళ్లపాటు సాగుతూ మాటిమాటికీ శ్రుతి దిగుతుంటాయి. అది వాద్యంలోని లోపం కాదు. తీగ తెగితే గిటారు ఉక్కు తీగ వేసుకోవచ్చని ఎవరైనా అంటే వినవద్దు, ఆ బిగువుకు గుర్రం ఊడివస్తుంది. ఫ్లోరోకార్బన్ తీగలు చేపల గాలానికి వాడే దారపు పదార్థంతోనే తయారవుతాయి కనుక నరసాపురం వైపు గాలాలు వేసేవారి దగ్గర ముడిసరుకు ఉన్నట్లే, అయితే సరైన మందం వెతకడం ఓపిక ఉన్నవారి పని.

రాగాలు వాయించాలనుకునేవారికి మరొక మార్పు ఉంది. మామూలు అమరికలో ముఖానికి దగ్గరగా ఉండే జీ తీగ హెచ్చు స్థాయిలో ఉంటుంది కనుక, సీ తీగను షడ్జంగా పెట్టుకుంటే దాని కిందకు దిగడానికి వీలుండదు. లో-జీ (తగ్గు స్థాయి జీ) అని అడిగితే దొరికే తీగ వేసుకుంటే మంద్ర పంచమం వరకు చేతికి అందుతుంది. చుట్టు లేని నైలాన్ రకమైతే మందంగా ఉండి నట్ గాడిలో సరిగా కూర్చోకపోవచ్చు కనుక, సన్నగా ఉండే లోహపు చుట్టు రకాన్ని అడిగి తీసుకోవాలి.