సినాట్రా పాటలు రికార్డయిన గదుల వెంట

లాస్ ఏంజెలెస్ వెళ్ళిన మనవాళ్ళు యూనివర్సల్ స్టూడియోస్ చూడకుండా తిరిగి రారు. అక్కడ మెట్రో బి లైన్ ఎక్కి డౌన్‌టౌన్ వైపు వస్తే రెండో స్టేషన్ హాలీవుడ్/వైన్. సినిమా రీళ్ళు పరిచిన పైకప్పు కనిపించగానే దిగిపోవాలి. అమెరికన్ గాయకుడు ఫ్రాంక్ సినాట్రా పాట మీద ప్రేమ ఉన్నవాళ్ళకు అసలు యాత్ర అక్కడే మొదలవుతుంది. మా దారి హాలీవుడ్‌లోని వైన్ వీధి, మెల్‌రోజ్ అవెన్యూ, అక్కడి నుంచి ఎడారిలోని పామ్ స్ప్రింగ్స్, కేథడ్రల్ సిటీ, తిరుగుదారిలో ఒక రికార్డుల కొట్టు. కారుంటే మూడు రోజులు చాలు.

బయల్దేరే ముందు ఏ పాట ఎప్పుడు, ఏ గదిలో రికార్డయిందో రాసి పెట్టుకోవడం చాలా అవసరం. సినాట్రా చాలా పాటల్ని ఒకటికి రెండుమూడు సార్లు రికార్డు చేశాడు. 1940లలో కొలంబియా రికార్డు కంపెనీకి, 1953 నుంచి కాపిటల్ కంపెనీకి, 1960లో సొంతంగా రిప్రీజ్ కంపెనీ పెట్టుకున్నాక దానికి. మొబైల్‌లో పాట పేరు కొట్టి మొదట వచ్చింది వింటే, 1956 నాటి రికార్డు అనుకుంటూ 1963లో మళ్ళీ పాడినది వినే ప్రమాదం ఉంది. ఆల్బమ్ పేరుతో వెతకాలి, సంవత్సరం సరిచూసుకోవాలి. ఈ యాత్ర వరకూ కాపిటల్ కాలం, అంటే 1953 నుంచి 1960 దాకా తీసుకుంటే సరిపోతుంది. గొంతు ముదిరి, ఊపిరి మీద పూర్తి పట్టు ఉండి, పక్కన నెల్సన్ రిడిల్ లాంటి ఆర్కెస్ట్రా రచయిత ఉన్న కాలం అది.

స్టేషన్ బయటికి రాగానే ఎదురుగా పాంటేజెస్ థియేటర్. పడమరగా నాలుగడుగులు వేసి వైన్ వీధిలో కుడికి, ఉత్తరం వైపు తిరిగితే 1750 నంబరు దగ్గర గుండ్రంగా 13 అంతస్తుల కాపిటల్ రికార్డ్స్ టవర్. 1956లో తెరిచారు. లోపలికి సందర్శకులను రానివ్వరు, టిక్కెట్టుతో చూపించే టూర్లు లేవు. అయినా బయటి నుంచి చూడాల్సినది చాలా ఉంది. అందరూ గుండ్రటి కట్టడాన్ని ఫొటో తీసుకుని వెళ్ళిపోతారు. స్టూడియోలు అందులో లేవు, దాని పాదాల దగ్గర ఉన్న దీర్ఘచతురస్రపు కింది అంతస్తులో ఉన్నాయి. ఆ భాగాన్ని విడిగా కట్టి తర్వాత టవర్‌తో కలిపారు. పాట పుట్టిన చోటు ఆ సాదా గోడల వెనకాలే.

పక్కన ఉన్న పార్కింగ్ స్థలం ఇంకా ముఖ్యం. దాని కింద సుమారు 30 అడుగుల లోతున కాంక్రీటు గదులు ఎనిమిది ఉన్నాయి, ఎకో ఛాంబర్లు. పని చేసే తీరు సులువే. స్టూడియోలో పాడిన గొంతును తీగ మీద కింది గదికి పంపుతారు. అక్కడ ఒక మూల స్పీకరు మోగుతుంది, దూరంగా పెట్టిన మైకు గోడలకు తగిలి వచ్చే శబ్దాన్ని పట్టుకుంటుంది. దాన్ని మళ్ళీ పైకి తెచ్చి అసలు గొంతులో కొద్ది కొద్దిగా కలుపుతారు. గోడలు ఒకదానికొకటి సమాంతరంగా ఉంటే శబ్దం రెండింటి మధ్య బంతిలా కొట్టుకుని పటపటమంటుంది, అందుకే గదుల్ని వంకరగా కట్టారు. 1958 నాటి ‘ఓన్లీ ద లోన్లీ’ ఆల్బమ్‌లో మాట అయిపోయాక చివరి అచ్చు చుట్టూ పొగలా వ్యాపించే ప్రతిధ్వనిని హెడ్‌ఫోన్స్‌లో వినండి. అది తర్వాత అద్దిన ఎలక్ట్రానిక్ మెరుగు కాదు, నిజంగా ఉన్న గది.

టవర్ దక్షిణపు గోడ మీద రిచర్డ్ వ్యాట్ గీసిన జాజ్ కుడ్యచిత్రం ఉంది. నాట్ కింగ్ కోల్, ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్, బిల్లీ హాలిడే అందులో ఉన్నారు. పాత అమెరికన్ పాటల్ని సినాట్రాతో సమానంగా, కొన్నిచోట్ల అంతకన్నా శుద్ధంగా పాడిన మనిషి ఎల్లా అని నా నమ్మకం. 1956లో పాటల రచయిత కోల్ పోర్టర్ పాటలతో మొదలుపెట్టి 1964 దాకా ఒక్కో రచయితకు ఒక్కో సాంగ్‌బుక్ చొప్పున ఆమె చేసిన ఆల్బమ్‌లు వేరే యాత్రకు సరిపడేంత సంపద. చీకటి పడ్డాక తలెత్తి టవర్ శిఖరం మీది దీపం చూడాలి. మోర్స్ కోడ్‌లో హాలీవుడ్ అనే పదాన్ని అక్షరం అక్షరం మెరిపిస్తుంది. నాలుగు పొట్టి మెరుపులు వస్తే మొదటి అక్షరం, వెంటనే మూడు పొడుగు మెరుపులు రెండోది. అక్కణ్నుంచి లెక్క పెట్టుకుంటూ పోవచ్చు.

ఇక్కడ పాట నిర్మాణం గురించి నాలుగు మాటలు. సినాట్రా పాడిన ఈ పాత పాటలు ఎక్కువగా 1920ల నుంచి 1950ల దాకా బ్రాడ్‌వే నాటకాలకు, హాలీవుడ్ సినిమాలకు రాసినవి. చాలావాటిలో 32 బార్లుంటాయి (బార్ అంటే మన ఆవర్తం లాంటి తాళపు కొలత), ఎనిమిదేసి బార్ల చొప్పున నాలుగు ముక్కలు. మొదటి, రెండో, నాలుగో ముక్కలది ఒకే వరుస, మూడోది మాత్రం వేరే. కోల్ పోర్టర్ ‘వాట్ ఈజ్ దిస్ థింగ్ కాల్డ్ లవ్’ దీనికి చక్కని నమూనా. వీటికి ముందు ‘వెర్స్’ అని ఒక చిన్న భాగం ఉంటుంది. తాళానికి గట్టిగా కట్టుబడకుండా, కథ ఎత్తుకుంటున్నట్టు పాడతారు. మన పాత సినిమా పాటల సాకీ గుర్తుంటే ఇది వెంటనే పట్టుబడుతుంది. గాయకులు దీన్ని తరచు వదిలేస్తారు. 1961లో సినాట్రా ‘స్టార్‌డస్ట్’ విషయంలో అందుకు తలకిందులుగా చేశాడు. సాకీ ఒక్కటే పాడి, లోకమంతా ఎరిగిన అసలు పాటను ముట్టుకోకుండా ముగించాడు. వినేవాడు మిగతాది మనసులో పాడుకోవాల్సిందే. నాకు అతని ధైర్యం అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే చోటు అది.

మరునాడు పొద్దున మెల్‌రోజ్ అవెన్యూ. టవర్ కట్టకముందు కాపిటల్ స్టూడియో 5515 మెల్‌రోజ్‌లో, పారామౌంట్ స్టూడియో పక్కన, కేహెచ్‌జే రేడియో వాళ్ళ పాత భవనంలో ఉండేది. ఇక్కడా లోపలికి దారి లేదు, పేవ్‌మెంట్ మీద నిలబడి చూసి రావడమే. కానీ లెక్క ప్రకారం ఈ చిరునామా టవర్ కన్నా గొప్పది. 1953 ఏప్రిల్ 30న సినాట్రా, రిడిల్ కలిసి మొదటి రికార్డింగ్ చేసింది ఇక్కడే. 1955లో ‘ఇన్ ద వీ స్మాల్ అవర్స్’, 1956 జనవరిలో ‘సాంగ్స్ ఫర్ స్వింగిన్ లవర్స్’ ఇక్కడివే. ఇవి టవర్‌లో రికార్డయ్యాయని అనుకుని అక్కడి నుంచే వెనుదిరిగే అభిమానులు చాలామంది. ‘ఓన్లీ ద లోన్లీ’ మాత్రం టవర్‌ది. ఆ మూడూ వరసగా వింటే రెండు గదుల తేడా తెలుస్తుంది. మెల్‌రోజ్ రికార్డుల్లో వాద్యాలు దగ్గరగా, వెచ్చగా ఉంటాయి. టవర్ రికార్డులో గొంతు వెనక లోతు ఎక్కువ.

ఆ వీధి పక్కన కారు ఆపుకుని ‘ఐవ్ గాట్ యు అండర్ మై స్కిన్’ పెట్టాం. 1956 జనవరి 12న రాత్రి సెషన్‌లో 22 టేకులు తీసుకున్న పాట. ఆర్కెస్ట్రా అంతా అదే గదిలో, అతను వాళ్ళతో కలిసి పాడుతూ. గొంతును తర్వాత విడిగా పాడి అతికించడం లేదు, ఎవరు తప్పినా మళ్ళీ మొదటి నుంచే. మొదట్లో బాస్ క్లారినెట్ ఒకే చిన్న సంగతిని తిప్పి తిప్పి వాయిస్తూ ఉంటుంది. గాయకుడు దాదాపు మాట్లాడుతున్నట్టు పాడతాడు. సగం దాటాక అతను తప్పుకుంటాడు. తీగ వాద్యాలు, వాటి మీద ట్రాంబోన్లు (ఊదే ఇత్తడి వాద్యాలు) ఒక్కో పొరగా పేరుకుంటూ పోతాయి, శ్రుతి కదలదు, శబ్దం మాత్రం పెరుగుతుంది. పేరుకున్నదంతా రెండు నిమిషాల దరిదాపుల్లో బద్దలై మిల్ట్ బెర్న్‌హార్ట్ ట్రాంబోన్ సోలో విరుచుకుపడుతుంది. సోలో అయిపోగానే సినాట్రా మళ్ళీ అందుకునే తీరు చూడండి. అంత హోరు తర్వాత అరవడు. అదే మాటల్ని కొంచెం ఆలస్యంగా, తాళానికి వెనక్కి వాలి పాడతాడు. చివరికి మొదటి మెత్తదనానికే దిగివస్తాడు.

అతని ఊపిరిని వినడానికి ఒక పద్ధతి చెబుతాను. పాట సాహిత్యం ముందు పెట్టుకుని అతను గాలి పీల్చిన ప్రతిచోటా పెన్సిలుతో గీత పెట్టండి. పంక్తి చివర పడాల్సిన గీతలు చాలాచోట్ల పడవు. వాక్యం అర్థం ముగిసే దాకా లాగి, అక్కడ ఆపుతాడు. 1940ల తొలినాళ్ళలో టామీ డోర్సీ బ్యాండ్‌లో పాడుతున్నప్పుడు డోర్సీ ట్రాంబోన్ ఊదే తీరు చూసి దీన్ని నేర్చుకున్నానని అతనే చెప్పుకున్నాడు. రెండోది మైకు. కాపిటల్‌లో అతను వాడింది నాయ్‌మన్ యూ47, వాల్వుతో పనిచేసే కండెన్సర్ మైకు. పెదవులు కలిసే ‘ప’, ‘బ’ లాంటి హల్లులు నేరుగా తగిలితే గాలి దెబ్బకు బుస్సుమంటుంది. అందుకని ఆ హల్లు దగ్గర తల కాస్త పక్కకు తిప్పుతాడు, మెత్తని అచ్చు దగ్గర ముందుకు వస్తాడు. జాగ్రత్తగా వింటే గొంతు దగ్గరికి వచ్చి వెళ్ళడం తెలుస్తుంది.

హాలీవుడ్ నుంచి పామ్ స్ప్రింగ్స్‌కు సుమారు 175 కిలోమీటర్లు, ఐ-10 మీద తూర్పుకు. ట్రాఫిక్ లేకపోతే రెండు గంటలు, శుక్రవారం సాయంత్రమైతే ఆశ వదులుకోవాలి. శాన్ గోర్గోనియో కనుమలో గాలిమరల మధ్య నుంచి వెళ్ళేటప్పుడు ఈడ్చి కొట్టే గాలి ఉంటుంది, స్టీరింగ్ రెండు చేతులతో పట్టుకోవాలి. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటిపోతుంది, నవంబరు నుంచి మార్చి దాకా హాయి. మేం వెళ్ళిన ఫిబ్రవరిలో మోడర్నిజం వీక్ అనే ఆధునిక వాస్తు ఉత్సవం జరుగుతుంది, హోటల్ గదులు ముందే పట్టుకోవాలి.

ట్విన్ పామ్స్ అని పిలిచే సినాట్రా ఇల్లు ఈస్ట్ అలెహో రోడ్డులో ఉంది. 1947లో ఇ. స్టీవార్ట్ విలియమ్స్ కట్టాడు, ఈతకొలను పియానో ఆకారం. ప్రైవేటు ఆస్తి కాబట్టి వీధి నుంచి గోడ, ఆ పైన తాటి జాతి చెట్లు చూసి కదలాలి. అయిదు నిమిషాలకు మించి పట్టదు.

సినాట్రా సమాధి ఉన్నది కేథడ్రల్ సిటీలోని డెజర్ట్ మెమోరియల్ పార్కులో, డా వాల్ డ్రైవ్ మీద. నిలువు సమాధులు కనిపిస్తాయని వెతికితే దొరకదు. రాళ్ళన్నీ పచ్చికలో నేలమట్టంగా పరిచి ఉంటాయి, దూరం నుంచి గడ్డి తప్ప ఏమీ కనపడదు. బి-8 విభాగం, 151వ లాట్ అని రాసుకుని వెళ్ళండి. తల్లిదండ్రులూ ఆ దగ్గరే. జిమ్మీ వాన్ హ్యూసెన్ సమాధి కూడా ఈ శ్మశానంలోనే ఉంది. ‘ఓన్లీ ద లోన్లీ’ శీర్షిక గీతానికి, ‘కమ్ ఫ్లై విత్ మీ’కి బాణీ కట్టినవాడు. అతని రాయి చూడకుండా రావద్దు.

ఆ రాత్రి వినాల్సింది ‘ఓన్లీ ద లోన్లీ’యే, హోటల్ గదిలో, లైట్లు తగ్గించుకుని. కారులో పనికిరాదు. చాలా మెల్లని చోట్లు టైర్ల చప్పుడులో కలిసిపోతాయి, వాల్యూమ్ పెంచితే ఆర్కెస్ట్రా ఎగిసినప్పుడు చెవులు అదురుతాయి. ‘వన్ ఫర్ మై బేబీ’లో బిల్ మిల్లర్ పియానో ఎక్కడో పక్కగదిలో మోగుతున్నట్టుంటుంది. బార్ కట్టేసే వేళ ఒక్కడే మిగిలినవాడు గ్లాసులు సర్దేవాడితో చెప్పుకునే మాటలు అవి. తీగ వాద్యాలు వచ్చినట్టే తెలియదు.

రికార్డులు కొనే పని చివరికి పెట్టుకున్నది ఎండ మూలానే. మూసిన కారులో ఎడారి వేడికి వినైల్ రికార్డు గంటసేపట్లో వంగిపోతుంది, మళ్ళీ సరికాదు. తిరిగి హాలీవుడ్ చేరాక పాంటేజెస్ ఎదురుగా ఉన్న అమీబా మ్యూజిక్‌కు వెళ్ళాం. పాత కాపిటల్ మోనో (ఒకే ఛానెల్) ప్రతికి నంబరు ముందు డబ్ల్యూ అక్షరం ఉంటుంది, అసలు స్టీరియోకు ఎస్‌డబ్ల్యూ. డీడబ్ల్యూ అని ఉంటే తీసుకోవద్దు. అది డ్యుయోఫోనిక్, అంటే మోనోను రెండు ముక్కలు చేసి తయారుచేసిన దొంగ స్టీరియో, గొంతు పలచబడిపోతుంది. ‘ఓన్లీ ద లోన్లీ’ విషయంలో మోనోయే మేలు. మొదటి స్టీరియో ప్రతిలో 12 పాటలకు పదే ఉన్నాయి. ‘స్వింగిన్ లవర్స్’ మొదటి అట్ట మీద సినాట్రా ప్రేమజంటకు ముఖం తిప్పుకుని ఉంటాడు, తర్వాతి అట్టలో వాళ్ళ వైపు చూస్తుంటాడు. బూడిదరంగు లేబుల్ ఉంటే పాత ముద్రణ.

ప్లేట్‌ను దీపం కింద వాలుగా పట్టుకుని చూడాలి. ‘స్వింగిన్ లవర్స్’ రెండో వైపు మొదటి పాటే ‘ఐవ్ గాట్ యు’. ఆ కాలపు బరువైన సూదులు ముందుగా అరగదీసేది ట్రాంబోన్ సోలో లాంటి బిగ్గర చోట్లనే, అక్కడ గాడి బూడిదరంగుకు తిరిగితే ఆ ప్రతి వదిలేయండి. ఇంటికి తెచ్చాక ఆంప్లిఫయర్ మీద మోనో స్విచ్ వేసి వినండి. స్టీరియో సూది పైకీ కిందికీ కదిలినప్పుడు పట్టుకునే దుమ్ము చప్పుడు రెండు ఛానెళ్ళలో ఎదురెదురుగా వచ్చి చాలామటుకు రద్దయిపోతుంది. విమానంలో చెక్-ఇన్ పెట్టెలో వేయకుండా, రెండు అట్టల మధ్య నిలువుగా పేర్చి క్యాబిన్ బ్యాగులో తెచ్చుకోవాలి. కవరు కొలత 31 సెంటీమీటర్లు దాటుతుంది కాబట్టి బ్యాగు వెడల్పు ముందే చూసుకోండి.