ఆవును అడిగిన మాట నన్నెవరూ అడగలేదు

"గోమార్లు ఏమైనా పట్టినాయా అమ్మా?"

మా చుక్కావుకు జ్వరం వచ్చినప్పుడు పశువుల డాక్టరు కొట్టంలో కాలు పెడుతూనే అడిగిన మొదటి మాట అది. గోమార్లంటే ఒంటికి పట్టుకుని రక్తం తాగే పిడుదులు. ఆ తర్వాత పదకొండు రోజులకు నేను జ్వరంతో పడ్డాను. ముగ్గురికి చూపించుకున్నాను. ముగ్గురిలో ఒక్కరూ నన్ను ఆ మాట అడగలేదు. నాలుగో ఆమె అడిగింది. అందుకే ఇప్పుడు కూర్చుని ఇది రాయగలుగుతున్నాను.

మాది పలమనేరు దగ్గర చిన్న పల్లె. ఐదు సీమావులు, ఒక కుక్క, ఎకరంన్నర పొలం. ఇల్లు గడిచేది పాల మీదే. జూన్ నెలలో చుక్కావు ఉన్నట్టుండి మేత మానేసింది. పూటకు ఎనిమిది లీటర్లు ఇచ్చేది రెండు లీటర్లకు పడిపోయింది. డాక్టరు జ్వరం చూస్తే నూట ఆరు. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆవు భుజం ముందర పెట్టి నొక్కించాడు. చర్మం కింద నిమ్మకాయంత గడ్డ కదిలింది. కనురెప్ప తిప్పి లోపల ఎర్రటి చుక్కలు చూపించాడు. "ఇది థైలేరియా అమ్మా. గోమార్లు కుట్టి ఎక్కిస్తాయి. నాటావులు కొంత ఓర్చుకుంటాయి, సీమావులు ఓర్చుకోలేవు" అన్నాడు. రక్తం గాజుపలక మీద తీసుకుని, బ్యూపర్వాకోన్ సూది వేశాడు. ఖరీదైన సూదే. అయినా మూడో రోజుకు చుక్కావు లేచి నిలబడి నా చేతిలో గడ్డి అందుకుంది. జబ్బు పడిన రెండో రోజే దానికి మందు పడింది. నాకు ఏడో రోజున పడింది.

ఆ సాయంత్రం నుంచి నేను గోమార్ల మీద పడ్డాను. కొట్టంలో లైటు కింద కూర్చుని చెవుల్లో, గంగడోలు మడతల్లో, పొదుగు మీద, తోక మొదట్లో వెతికి వెతికి పీకాను. రక్తం తాగి ఉబ్బిన పిడుదు అచ్చం ఆముదపు గింజలా ఉంటుంది. ఆవుల పని అయ్యాక మా కుక్క రాజుగాడిని ఒళ్లో పడుకోబెట్టుకుని వాడి కాలివేళ్ల సందుల్లోవి, చెవి మడతల్లోవి తీశాను. కుక్క పిడుదులు చిన్నవి, గోధుమ రంగువి. తీసినవి తీసినట్టు బొటనవేలి గోటితో నొక్కి చంపి, చెంగుకు తుడుచుకున్నాను. మా అమ్మ అట్లే చేసింది, మా జేజి అట్లే చేసింది. గడ్డి కోసి కోసి నా వేళ్ల నిండా గాట్లే. అది నాకప్పుడు గుర్తుకే రాలేదు.

జ్వరం వచ్చిన కొత్తలో జరిగినవి ఎక్కువ చెప్పను. అందరికీ జరిగేవే. ఊళ్లో ఆర్‌ఎంపీ రెండు సూదులు వేశాడు, తగ్గలేదు. టౌన్లో డాక్టరు రక్తం చూసి టైఫాయిడ్ అన్నాడు. తలనొప్పి మాత్రం చెప్పాలి. కళ్ల వెనక గూటం దిగ్గొట్టినట్టుండేది, వెలుతురు చూడలేకపోయేదాన్ని. నాలుగో రోజు మణికట్ల దగ్గర, చీలమండల దగ్గర ఎర్రగా చుక్కలు లేచాయి. మా అత్తమ్మ చూసి "అమ్మవారు పోసింది, ఇంక సూదులు వద్దు" అంది. వేపమండలు తెచ్చి పక్క మీద పరిచింది. ఒక రోజంతా అట్లే పోయింది. ఆమె మీద నాకు కోపం లేదు అంటే అబద్ధం. ఉండేది. కానీ ఆ రోజంతా నా తల తన తొడ మీద పెట్టుకుని, అన్నం ముట్టకుండా, బోయకొండ గంగమ్మకు ముడుపు కట్టుకుని కూర్చున్నది కూడా ఆమే. కోపం ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

ఐదో రోజు మా ఆయన నన్ను నర్సింగ్ హోములో చేర్చాడు. దాని పేరు రాయను. ప్లేట్‌లెట్లు 34 వేలు అన్నారు. డెంగీ అనుకున్నారు, పరీక్షలో డెంగీ లేదన్నారు. పూటకొక పెద్ద సూది ఎక్కించారు.

ఆరో రోజు రాత్రి గురించి చెప్పాలి. ఇది చెప్పడానికే ఇంత రాస్తున్నాను.

ఎనిమిది గంటలకు పెద్ద డాక్టరు వచ్చాడు. అప్పటికి చుక్కలు ఒళ్లంతా పాకాయి. మా ఆయన నా చెయ్యి ఎత్తి చూపించి, "సార్, ఈ దద్దుర్లు ఎందుకొస్తున్నాయి?" అని అడిగాడు. ఆయన దగ్గరికి కూడా రాలేదు. మంచం కాళ్ల దగ్గరే నిలబడి, "పొద్దస్తమానం పేడలో తిరిగేవాళ్లకు దద్దుర్లు రాకుండా ఎట్లుంటాయి? అలర్జీ" అని వెళ్లిపోయాడు.

నేను పేడలో తిరిగేదాన్నని ఆయనకు తెలుసు. నాకు ఇప్పటికీ మండేది అందుకే. పశువుల మధ్య బతికే మనిషి, ఆరు రోజుల జ్వరం, ఒంటి మీద చుక్కలు. అన్నీ ఆయన నోట్లోనే ఉన్నాయి. ఇంకొక్క మాట, "పిడుదులు కుట్టాయా" అని అడగాల్సింది. నన్ను చిన్నబుచ్చడానికి పనికొచ్చిన సంగతి నా జబ్బు కనిపెట్టడానికి ఆయనకు పనికిరాలేదు.

పదకొండు దాటాక చేతులు ఉబ్బడం మొదలైంది. మట్టిగాజులు మణికట్టులోకి దిగిపోతున్నాయి. నర్సమ్మ వచ్చి చూసి, "తీసెయ్యాలి, లేకపోతే రక్తం ఆడదు" అంది. సబ్బు రాసి లాగింది, రాలేదు. అప్పుడు గాజు కింద గుడ్డ మడిచి పెట్టి, కత్తెర పిడితో ఒక్కొక్కటే కొట్టింది. ఆకుపచ్చవి కుడిచేతికి ఆరు, ఎడమచేతికి ఆరు. ఒక్కొక్క గాజు టక్కుమన్నప్పుడల్లా మా ఆయన భుజాలు అదిరాయి. ఆయన గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. మనలో గాజులు ఎప్పుడు పగలగొడతారో అందరికీ తెలుసు. మొగుడు ఎదురుగా ఉండగానే నా గాజులు పగలగొడుతున్నారు. నేనే పోతున్నానని నాకు అర్థమైంది. అయిపోయాక ఆయన వంగి, నేల మీద ఒక్క ముక్క వదలకుండా ఏరి చేతిగుడ్డలో మూటకట్టాడు.

తర్వాత నాకు తెలిసింది కొంచెమే. చుక్కావు మంచం పక్కన నిలబడి ఉందని, పాలు పిండాలి చెంబు తెమ్మని అరిచానంట. కుడికాలి బొటనవేలు చివర నల్లబడింది. మూడు గంటలకు "మా వల్ల కాదు, తిరుపతికి తీసుకుపోండి" అని చీటీ రాసిచ్చారు. అంబులెన్సులో మా అబ్బోడు నా చెవిలో ఊరికే మాట్లాడుతూ ఉన్నాడు. వాడి గొంతు నూతిలోంచి వస్తున్నట్టుండేది.

తిరుపతిలో పెద్దాసుపత్రి. క్యాజువాలిటీలో ఉన్నది చిన్నపిల్ల, మా అమ్మాయి వయసుంటుంది. రాత్రంతా నిద్రలేదని మొహం చూస్తేనే తెలుస్తుంది. ఆ బిడ్డ ముందు రిపోర్టులు చూడలేదు. నా రెండు అరచేతులు వెల్లకిలా తిప్పి చూసింది. అరికాళ్లు చూసింది. అక్కడ కూడా చుక్కలున్నాయి. తలెత్తి మా ఆయన్ను అడిగింది: "ఏం పని చేస్తారు మీరు? పశువులున్నాయా? కుక్క ఉందా? పిడుదులు ఎవరు తీస్తారు, చేత్తోనేనా?"

మా ఆయన అక్కడే ఏడ్చేశాడంట.

చెవుల వెనక, చంకల్లో, నడుము దగ్గర పిడుదు కాటు తాలూకు నల్ల మచ్చ కోసం వెతికింది. దొరకలేదు. మనవాళ్లలో చాలామందికి అది కనపడదట. పరీక్షకు రక్తం పంపింది గానీ ఫలితం కోసం కూర్చోలేదు. "ఇది పిడుదు జ్వరం లాగుంది, టిక్ టైఫస్ అంటాం. ముందు మందు మొదలుపెడదాం" అని డాక్సీసైక్లిన్ రాసింది. నూరు మిల్లీగ్రాములు, పొద్దునొకటి రాత్రొకటి. రెండు రోజులు తిరిగేసరికి జ్వరం దిగిపోయింది. టైఫస్ అని రిపోర్టు చేతికొచ్చేసరికి నేను ఇడ్లీ తింటున్నాను. నర్సింగ్ హోములో ఎక్కించిన పెద్ద సూదుల బిల్లు వేలల్లో ఉంది. నన్ను బతికించిన గోళీల అట్ట వంద రూపాయలు కూడా చెయ్యదు. ఈ క్రిమి మన కణాల లోపల దూరి దాక్కుంటుందట, ఆ పెద్ద సూదులు దాని దాకా పోవట.

వాడలో కొందరు "ఆవు జబ్బు ఈమెకు అంటుకుంది" అన్నారు. చుక్కావును అమ్మేయమన్నారు కూడా. అది తప్పు. థైలేరియా మనుషులకు రాదు. ఆవును కుట్టే పిడుదు వేరు, అది ఎక్కించేది వేరు. నాకు జబ్బు ఎక్కించింది చాలావరకు కుక్క పిడుదేనని డాక్టరమ్మ చెప్పింది. కుట్టనక్కర కూడా లేదట, పచ్చిగాటు ఉన్న వేళ్లతో పిడుదును చిదిపినా చాలట.

మా అబ్బోడు ఫోనులో చదివి చెప్పాడు. రికెట్స్ అనే అమెరికా డాక్టరు 1906లో, అక్కడి మచ్చల జ్వరం పిడుదు కాటుతోనే వస్తుందని చూపించాడంట. అప్పటికి దానికి మందు లేదు. 1910లో మెక్సికోలో టైఫస్ మీద పనిచేస్తూ అదే టైఫస్‌తో పోయాడు, ముప్పై తొమ్మిదేళ్లకు. నాకు పట్టిన క్రిమికి ఆయన పేరే పెట్టారు, రికెట్సియా అని. శుక్రవారం దీపం పెట్టేటప్పుడు గంగమ్మ తర్వాత ఆ మహానుభావుడిని కూడా తలుచుకుంటున్నాను. ఆ డాక్టరమ్మను ఎట్లాగూ తలుచుకుంటాను.

పశువులున్న ఆడవాళ్లకు చేతులెత్తి మొక్కి చెబుతున్నాను. పిడుదును గోటితో నొక్కొద్దు. చేతికి ప్లాస్టిక్ కవరైనా తొడుక్కోండి. ఒంటికి పట్టుకున్నదాన్ని చిన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిటారుగా లాగండి. కిరసనాయిలు పొయ్యడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు. మందు ఒక్క పశువుకు కొడితే చాలదు, పిడుదు గుడ్లు గోడ నెర్రెల్లో వేల లెక్కన ఉంటాయి. మేము నెర్రెలన్నీ సిమెంటుతో పూడ్చి, గోడలకు కూడా మందు కొట్టించాం. నాలుగు కోళ్లను కొట్టంలోకి వదిలాం, అవి రోజంతా ఏరుకుని తింటాయి. సీమావు దూడలకు థైలేరియా టీకా ఉంది, రక్షావాక్-టి అని, తయారుచేసేది హైదరాబాదులోనే. పశువుల డాక్టరును గట్టిగా అడగండి. జ్వరం వస్తే డాక్టరు అడిగేదాకా ఆగొద్దు. "మాకు పశువులున్నాయి, కుక్క ఉంది, పిడుదులు పీకాను" అని మీరే ముందు చెప్పండి. ఆయన విసుక్కున్నా సరే, చెప్పండి.

లేచి తిరగగలిగిన తర్వాత తిరుపతి కాగితం జిరాక్సు తీయించుకుని ఆ నర్సింగ్ హోముకు పోయాను. ఆయన ఆపరేషన్లో ఉన్నాడన్నారు. గంటన్నర కూర్చున్నాను. కొట్లాడాలని పోలేదు. నా తర్వాత ఇంకొకామె వస్తుంది, ఆమెకూ పేడ వాసన ఉంటుంది, ఆమెనైనా అడుగుతాడని. కాగితం కౌంటరులో ఇచ్చి, కింద నా ఫోను నంబరు రాసి వచ్చాను. ఫోను రాలేదు.

శ్రావణంలో బోయకొండకు పోయి అత్తమ్మ ముడుపు చెల్లించాం. మెట్లు ఎక్కేటప్పుడు బొటనవేలు ఇంకా తిమ్మిరిగానే ఉంది. దిగివచ్చాక మా ఆయన గాజుల అంగడి ముందు నిలబడ్డాడు. చొక్కా జేబులోంచి ఆ చేతిగుడ్డ తీసి విప్పి, పగిలిన ముక్క ఒకటి చూపించి "ఇదే రంగు కావాలి, రెండు ఆరు సైజు" అన్నాడు. గాజులామె నా చెయ్యి పట్టుకుని ఎముకలు కూడేటట్టు నొక్కి చూసింది.

"ఈ చేతికి రెండు నాలుగు చాలయ్యా" అంది.